లిఫ్టులో మూడున్నర నిమిషాలు

డబ్బింగ్ స్టూడియో, శబ్దాల గది,
మంగళవారం.

బావమరిదికి,

ఇక్కడ అందరం కులాసా. పోయిన నెల వస్తానని చెప్పి రాలేదని మీ అక్క నీ మీద మండిపడుతోంది. అక్కాతమ్ముళ్ళు మీరూ మీరూ తేల్చుకోండి, మధ్యలో నన్ను ఇరికించొద్దు.

ముందుగా ఒక మాట. నాకు ఫోన్ చెయ్యకు. ఈ మధ్య ఫోన్లు బొత్తిగా పాడైపోయాయి, అవతల ఎవరు మాట్లాడినా నోట్లో గుడ్డ కుక్కుకున్నట్టుంటుంది. శుభ్రంగా ఉత్తరం రాయి. నీ దస్తూరీ ఎంత కోడిగీతలైనా ఫోను కన్నా నయం.

అసలు సంగతికి వస్తాను. ఈ శుక్రవారం మీ థియేటర్లో వేస్తున్న జపాన్ సినిమాకి చప్పుళ్ళు నావే. మాటలు ఎవరో రాశారు, గొంతులు ఇంకెవరివో. పోట్లాటల చప్పుళ్ళు చాలావరకు ఆ కంపెనీ వాళ్ళే పంపారు. చాలని చోట్ల నేను పూరించాను. తడి తువ్వాలుతో గోనెసంచిని కొడితే గుద్దు. లిఫ్టు తలుపు మా స్టూడియో ఇనప బీరువా.

కథ తమాషాగా ఉంటుంది. ఒకప్పుడు కిరాయి హంతకుడు, ఇప్పుడు ఇరవై అంతస్తుల హోటల్లో లిఫ్టు నడుపుకుంటున్నాడు. పాత శత్రువులు అంతస్తుకో ముఠా చొప్పున దిగబడతారు. ఒక్కో అంతస్తు ఒక్కో రంగు, గోడల నుంచి చొక్కాల దాకా. మనవాడు కత్తి తీసేముందు వంగి, "ఎన్నో అంతస్తండీ?" అని అడుగుతాడు. చంపడానికి వచ్చినవాడు కూడా మర్యాదస్తుడే, నంబరు చెప్పి మరీ కత్తి తీస్తాడు. కత్తి దిగితే నెత్తురు రాదు, ఆ అంతస్తు రంగు కాగితం ముక్కలు ఎగురుతాయి.

నాకు కావలసింది ఒక్క సీను గురించి. పదమూడుకీ పద్నాలుగుకీ మధ్య లిఫ్టు ఆగిపోతుంది. లోపల మనవాడు, వాణ్ణి చంపడానికి వచ్చిన పన్నెండు మంది. చెయ్యి ఎత్తే చోటు లేదు. మూడున్నర నిమిషాలు ఎవరూ కదలరు, నోరు విప్పరు. ఆ చోట వాళ్ళు పంపిన ట్రాకు ఖాళీగా వచ్చింది. కాబట్టి ఆ మూడున్నర నిమిషాలూ అచ్చంగా నా సొంతం. పదమూడు మంది కళ్ళూ ఒక్కసారే ఇటు తిరుగుతాయి, ఒక్కసారే అటు తిరుగుతాయి. ఎందుకు తిరుగుతున్నాయా అని రెండు రోజులు బుర్ర బద్దలు కొట్టుకుని, చివరికి వాళ్ళ కడుపుల్లో ఎలుకల్ని పరిగెత్తించాను. కళ్ళు ఎటు తిరిగితే అటువైపు వాడి పొట్ట గుడగుడ. రబ్బరు సంచిలో సగం నీళ్ళు పోసి అటూ ఇటూ వంచితే వచ్చే చప్పుడది. పదమూడు పొట్టలకీ పదమూడు రకాలు చేశాను.

జనం అక్కడ నవ్వుతున్నారో లేదో నువ్వు హాల్లో నిలబడి చూసి రాయాలి. వచ్చే నెల ఆ కంపెనీ తరఫున ఒకావిడ వస్తోందట, జనం మధ్యలో కూర్చుని చూస్తుందట. నచ్చితే మా స్టూడియోకి ఇంకో మూడు సినిమాలు. నచ్చకపోతే, నన్ను చూపించి పెద్దాయనకి ఇక చాల్లెమ్మని మా యజమాని అననే అంటాడు. ఈ మధ్య ఆ మాట అనడానికి సందు వెతుకుతున్నాడు కూడా.

నీ బావ.


టికెట్ కిటికీ, మ్యాట్నీకీ ఫస్ట్ షోకీ మధ్య,
ఆదివారం.

బావా,

పెళ్ళిచూపులప్పుడు తప్ప నువ్వు ఇంత పొడుగు ఉత్తరం రాయగా నేను చూడలేదు. ఫోన్ కొనుక్కోవయ్యా బాబూ, కొత్తది కొనుక్కో అని ఎన్నిసార్లు చెప్పినా చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే. సరే, బావ ఆజ్ఞ. థియేటర్ మేనేజరు పని మానేసి గూఢచారి పనిలో చేరాను.

శుక్రవారం ఫస్ట్ షో సగం హాలు. శనివారం ముప్పాతిక. ఇవాళ మ్యాట్నీకి మెట్ల మీద కూడా కూర్చోబెట్టాను. షో వదిలాక గేటు దగ్గర నిలబడి పట్టుకున్న మాటలు రాస్తున్నాను, ఒక్క ముక్క కూడా నా సొంతం కాదు.

మా వీధి మందుల షాపాయన భార్యతో వచ్చాడు. "లిఫ్టులో ఎడం వైపు ఐదోవాడి పొట్ట ఉందే, అది నాదేనండీ, మా ఆవిడ ఒట్టేసి చెబుతుంది" అన్నాడు. ఆవిడ ఒట్టేసింది.

టైలరమ్మకి కథతో పనే లేదు. "ఆకుపచ్చ అంతస్తువాళ్ళ కోట్లు చూశారా? కత్తి దిగింది గానీ భుజం కుట్టు ఊడలేదు. అదీ పనంటే" అంది.

లెక్కల మాస్టారు కోపంగా బయటికొచ్చాడు. మనిషిలో అంత కాగితం ఉండదట. నెత్తురైతే అయిదు లీటర్లు, కాగితమైతే ఎంతో చెప్పమని నన్ను నిలదీశాడు. టికెట్ డబ్బు వెనక్కివ్వమంటాడేమో అనుకున్నాను. మర్నాడు మళ్ళీ వచ్చాడు, తమ్ముణ్ణి వెంటబెట్టుకుని.

ఒక ముసలమ్మ లిఫ్టు సీను చూసి గట్టిగానే అనేసింది, "పాపం, కొట్టుకోవడం తర్వాత, ముందు ఆ పిల్లలకి ఇంత అన్నం పెట్టండర్రా" అని. హాలంతా గొల్లుమంది. ఇక పొట్టలు మోగుతున్నంతసేపూ నవ్వే. ఏడో పొట్టకి పాప్‌కార్న్ అమ్మేవాడు కూడా బుట్ట కింద పెట్టి నవ్వాడు. బావా, నువ్వు గెలిచావు. కులాసాగా ఉండు.

ఒక్కటే చిక్కు. సీను చివర్లో మనవాడు చేతులు రెండూ మెల్లగా పైకెత్తి, గాల్లో ఒక్కసారి చప్పట్లు కొడతాడే, ఆ వెంటనే అందరూ కత్తులు తీస్తారే, అది ఎందుకో ఒక్కడికీ అర్థం కాలేదు. మందుల షాపాయన భోజనానికి పిలుపంటాడు. మాస్టారు ధ్యానం అంటాడు. నన్ను అడుగుతున్నారు, నేను నీ పేరు చెప్పి తప్పించుకుంటున్నాను. ఎందుకు బావా ఆ చప్పట్లు?

నీ బావమరిది.


శబ్దాల గది,
గురువారం.

బావమరిదికి,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. ముసలమ్మ మాట మా యజమానికి కూడా చదివి వినిపించాను. ఆయన నవ్వి భుజం తట్టాడు. అలా తట్టి ఏడాదిన్నర అయింది.

చప్పట్లంటావా, అది అక్కడి మర్యాద. పోట్లాట మొదలుపెట్టే ముందు అలా కొడతారు. అడిగినవాళ్ళకి అదే చెప్పు.

అదే చెప్పు గానీ మరీ గట్టిగా చెప్పకు. నిజానికి నాకూ సరిగ్గా తెలీదు. మిక్సింగ్ చేసినవాణ్ణి అడిగితే వాడు నన్ను ఎగాదిగా చూసి, "మీకు తెలియనిదా సార్, మీరే కావాలని తీసేశారు కదా" అన్నాడు. ఏం తీశాన్రా అంటే నమిలాడు. ఇప్పటివాళ్ళకి పెద్దవాళ్ళతో తిన్నగా మాట్లాడటం రాదు, అంతా గొణుగుడే. మీ అక్కకీ అదే జబ్బు పట్టుకుంది. వంటింట్లో ఏదో అంటుంది, ఏంటే అంటే ఏం లేదంటుంది.

మీ ఊళ్ళో ఫిల్మ్ క్లబ్బు వాళ్ళు ఏదైనా ఆదివారం ఈ సినిమానే జపాన్ మాటలతో, కింద అక్షరాలతో వేస్తారని విన్నాను. వేస్తే ఆ సీను నువ్వు ఒకసారి చూడు. మూలంలో జనం నవ్వారో, నా దాంట్లో ఎక్కువ నవ్వారో రాయి. నాదే ఎక్కువని నాకు తెలుసు, అయినా రాయి.

నీ బావ.


థియేటర్ ఆఫీసు గది,
ఆదివారం మధ్యాహ్నం.

బావా,

ఫిల్మ్ క్లబ్బు షో పొద్దున పదింటికి అయింది. అరవై మంది వచ్చారు. లిఫ్టు సీనులో బాగానే నవ్వారు. మూలం కూడా దాదాపు నీ దానిలాగే ఉంది, పెద్ద తేడా ఏమీ లేదు.

మన దానికి జనం పెరుగుతున్నారు. మూడో వారం కూడా ఉంచుతున్నాం. మా గేటు బయట పళ్ళ బండి పెట్టుకునే ఆమె నాలుగోసారి చూసింది.

ఒక సంగతి అడుగుతాను, ఎందుకని అడక్కు. మీ ఇంట్లో దోమలున్నాయా?

అక్కని అడిగానని చెప్పు.

నీ బావమరిది.


ఇల్లు, ముందు గది,
బుధవారం.

బావమరిదికి,

ఏమిటా ఉత్తరం? అద్దెకిల్లు చూసుకునేవాడిలా దోమలున్నాయా అని అడుగుతావేం? విను. ఈ ఏడాది మా ఇంట్లో ఒక్క దోమ లేదు. పక్కనే మురుగు కాలవ, అయినా ఒక్కటంటే ఒక్కటి లేదు, ఏ మందు కొట్టారో ఏమో. మీ అక్క మాత్రం దోమతెర కట్టింది. సాయంత్రమైతే చాలు, గాల్లో చేతులు ఆడించుకుంటూ తిరుగుతుంది. వయసు మీద పడుతోంది పాపం, నేను ఏమీ అనడం లేదు.

నీ ఉత్తరం నాకు నచ్చలేదు. మందుల షాపాయన పొట్ట గురించి అరపేజీ రాసినవాడివి, మూలం గురించి రెండు వాక్యాలా? "పెద్ద తేడా లేదు" అంటే చిన్న తేడా ఏదో ఉందన్నమాట. నా ట్రాకు ఖాళీ. వాళ్ళ సినిమాలో ఖాళీ కాకపోతే, ఏముంది అక్కడ? తిన్నగా రాయి. ముప్పై ఒక్క ఏళ్ళ నుంచి ఈ పనిలో ఉన్నాను, నన్ను పసిపిల్లాణ్ణి చెయ్యకు.

నీ బావ.


థియేటర్ ఆఫీసు గది, తలుపు వేసుకుని,
శనివారం.

బావా,

పోయిన ఉత్తరంలో అబద్ధం రాశాను. క్షమించు. ఇప్పుడు రాసేది కూర్చుని చదువు, అక్క ఎదురుగా చదవకు.

మూలంలో ఆ లిఫ్టులో ఒక దోమ ఉంది. తెర మీద ఎక్కడా కనపడదు, వినపడుతుందంతే. సన్నగా, ఉండీ ఉండకుండా. అది ఎటు వెళితే పదమూడు మంది కళ్ళూ అటు తిరుగుతాయి. ఒకడి చెవి దగ్గర ఆగుతుంది, వాడి మొహం బిగుసుకుపోతుంది. అంత పెద్ద హంతకులు, చెయ్యి ఎత్తే చోటు లేక దోమకి ఒళ్ళు అప్పగించి నిలబడి ఉంటారు. చివరికి మనవాడు చేతులు పైకి తీసి ఆ దోమని చంపుతాడు. చప్పట్లు అవే. చేతులు ఖాళీ అయ్యాయి కాబట్టి ఇక కత్తులు.

నేను వెంటనే మన సినిమా డబ్బాలతో పాటు కంపెనీ పొరపాటున పంపిన చప్పుళ్ళ ట్రాకు తీయించి, మా ఆపరేటరు గదిలో వేయించి విన్నాను. మీ స్టూడియోకి వచ్చిందీ అదే. బావా, ఖాళీ కాదు. దోమ ఉంది. నేను విన్నాను, మా ఆపరేటరు విన్నాడు, ఆఫీసు ఊడ్చే ఆమె తలుపు బయట నిలబడి విని చీపురుతో వెతికింది.

నీకు వినపడలేదు.

నీ మిక్సింగ్ మనిషి నువ్వు కావాలని తీసేశావనుకున్నాడు. పెద్దాయన ఏదో ఆలోచించే చేసి ఉంటాడని నోరు మూసుకున్నాడు. ఫోన్లు పాడవలేదు. అక్క గొణగడం లేదు. మీ ఇంట్లో దోమలున్నాయి.

శంఖం సామెత రాసిన చేతిని విరగ్గొట్టుకోవాలనిపించింది. తెలిస్తే రాసేవాణ్ణా? డాక్టరు దగ్గరికి వెళ్ళు. గోటితో పోయేదాన్ని గొడ్డలి దాకా తెచ్చుకోకు. నీ కాళ్ళు పట్టుకుంటాను.

నీ బావమరిది.


శబ్దాల గది,
మంగళవారం.

బావమరిదికి,

నీకు అప్పగించిన పని జనం నవ్వులు రాయడం. నా చెవులు చూడమని నిన్ను ఎవరూ అడగలేదు. పొట్టలకి జనం నవ్వారా లేదా? నవ్వారు. ఇక దోమ ఉంటే ఎంత, లేకపోతే ఎంత. నేను కావాలనే తీసేశాను. ఎవరు అడిగినా అదే చెబుతాను.

బావ.


శబ్దాల గది,
శుక్రవారం.

బావమరిదికి,

మొన్నటి ఉత్తరం చించెయ్యి. గుమ్మడికాయల దొంగ అనగానే భుజాలు తడుముకున్నాను.

ఎనిమిది నెలలయింది. వానల్లో పెద్ద జలుబు చేసింది, జలుబు పోయింది, చెవుల్లో దిబ్బడ మాత్రం ఉండిపోయింది. ఎడమ చెవి దాదాపు మూసుకుపోయింది. కుడి చెవి సగం. ఇవాళ తగ్గుతుంది, రేపు తగ్గుతుంది అనుకుంటూ గడిపాను. తర్వాత అలా అనుకోవడం కూడా మానేశాను. మీటరులో ముల్లు ఎంత కదిలిందో చూసి పని చేస్తున్నాను. మాట్లాడేవాళ్ళ పెదాలు చూస్తున్నాను. మీసాలున్న వాళ్ళతో చచ్చే చావుగా ఉంది.

డాక్టరు దగ్గరికి ఎందుకు వెళ్ళలేదంటావు. ఆయన అవునంటే ఏం చెయ్యాలి? నాకు వేరే పని రాదు. చెప్పు చప్పుడు విని అది తోలుదో రబ్బరుదో, వేసుకున్నవాడికి కోపమో నిద్రో చెప్పగలను. ఈ విద్య ఇంకెక్కడా అక్కరకు రాదు. భయమేసింది. ఇంత వయసొచ్చి చెబుతున్నాను, చాలా భయమేసింది.

నీ ఉత్తరం వచ్చిన రోజు అందరూ ఇళ్ళకి వెళ్ళాక ఆ ట్రాకు పెట్టుకుని హెడ్‌ఫోన్ చెవులకి అదిమి పట్టుకుని విన్నాను. ముల్లు కదులుతోంది, సన్నగా వణుకుతోంది. నాకు ఏమీ వినపడలేదు. ముల్లు కదలడం ఆ రోజు కూడా చూసే ఉంటాను. తీగలో గరగర అనుకుని వదిలేసి ఉంటాను.

మీ అక్కకి మాత్రం చెప్పకు. ఆ ఒక్కటీ నా మాట విను. నేను మాట్లాడుతుంటే తను వింటూ కూర్చుంటుంది చూడు, అది పోతుంది. ఆ తర్వాత అన్నీ గట్టిగా అరిచి చెబుతుంది, జాలిగా చూస్తుంది. అది నేను పడలేను.

నీ బావ.


టికెట్ కిటికీ,
సోమవారం.

బావా,

అక్కకి చెప్పను. కానీ తను అడిగితే అబద్ధం ఆడను, మొన్న ఒకటి ఆడితేనే తిండి సయించలేదు.

కంపెనీ ఆవిడ నిన్న వచ్చి వెళ్ళింది. చెప్పిన రోజు కన్నా వారం ముందే ఊడిపడింది. అరవై దాటి ఉంటాయి, పొట్టిగా, నెరిసిన జుట్టు కురచగా కత్తిరించుకుని ఉంది. వెంట మాటలు మార్చి చెప్పే అమ్మాయి ఒకతి. ముందు వరసలో కుర్చీ వేయిస్తానంటే వద్దని, మధ్య వరసలో పళ్ళ బండి ఆమె పక్కన కూర్చుంది.

లిఫ్టు సీను వచ్చింది. నేను సినిమా చూడలేదు, ఆవిడ మొహమే చూస్తున్నాను. మొదటి పొట్టకి అటూ ఇటూ చూసింది. రెండో పొట్టకి చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుంది. ఏడో పొట్టకి పళ్ళ బండి ఆమె భుజం మీద తల ఆనించి నవ్వింది బావా, కళ్ళజోడు తీసి తుడుచుకుంది. ఒకళ్ళ భాష ఒకళ్ళకి రాదు, ఇద్దరూ ఒకళ్ళ పొట్ట ఒకళ్ళకి చూపించుకుని నవ్వారు. తర్వాత చప్పట్లు పడ్డాయి. ఆవిడ నవ్వు టక్కున ఆగిపోయింది.

షో అయ్యాక నా గదిలో కాఫీ తాగుతూ మెల్లగా అడిగింది, "మా దోమ ఎక్కడ?" అని. ఆ దోమ చప్పుడు చేసింది ఆవిడేనట. పదకొండు రోజులు పట్టిందట. ఆవిడా నీలాంటిదే బావా, చప్పుళ్ళ మనిషి.

కోపంగా లేదు. "పొట్టలు చేసినాయన చాలా గొప్ప పనివాడు. అంత గొప్ప పనివాడు ఇంకొకరి పనిని ఊరికే తీసిపారెయ్యడు. తీసేశారా, లేక వినపడలేదా? ఏదైనా ఫరవాలేదు, నిజం కావాలి" అంది. ఆ జవాబు వచ్చేదాకా మూడు సినిమాల కాగితం మీద సంతకం పెట్టదట. అడ్రసు ఇచ్చింది, ఇందులో పెట్టాను.

నేను నోరు విప్పలేదు. అది నువ్వు చెప్పాల్సింది.

నీ బావమరిది.


ఇల్లు, ముందు గది,
ఆదివారం.

బావమరిదికి,

మూడు వారాలు ఉత్తరం లేదని కంగారు పడి ఉంటావు. వరసగా చెబుతాను.

ఆవిడకి ఒక్క వాక్యం రాశాను. "నాకు వినపడలేదు, క్షమించండి" అని. రాసిన కాగితం చేతిలో పట్టుకుని మా యజమాని గదిలోకి వెళ్ళి ఆయనకీ చదివి వినిపించాను. ఎటూ మునిగాం, చలేమిటి అనుకున్నాను. ఆయన ఏదన్నా అన్నాడేమో, నాకు వినపడలేదు. చివరికి ఒక కాగితం మీద రాసి చూపించాడు, "ముందు డాక్టరు. తర్వాత మాట్లాడదాం" అని. ఆయన్ని ఇన్నాళ్ళూ నానా మాటలు అనుకున్నాను.

ఆ సాయంత్రం మీ అక్కని కూర్చోబెట్టి చెప్పాను. ఎలా చెప్పాలో దారంతా వల్లె వేసుకుంటూ వచ్చాను. మొదటి ముక్క కూడా పూర్తి కాలేదు, లేచి వెళ్ళి బీరువాలోంచి ఒక చీటీ తెచ్చి నా ఒళ్ళో పెట్టింది. చెవుల డాక్టరు చీటీ. ఏడు నెలల కిందట రాయించి పెట్టుకుందట. చెప్పాల్సింది ఇంకేం మిగిలింది, చెప్పు?

మర్నాడే వెళ్ళాం. కర్ణభేరి వెనక నీరు చేరిందట, రెండు వైపులా. జలుబు మిగిల్చి పోయిన నీరు. ఎనిమిది నెలలు మోసుకు తిరిగినందుకు డాక్టరు నన్ను బడిపిల్లాణ్ణి తిట్టినట్టు తిట్టింది. ఆవిడ తిట్టినవన్నీ తర్వాత మీ అక్క చెబితే తెలిశాయి. సన్న గొట్టాలు వేసి ఆ నీరు తీశారు. కుడి చెవి పూర్తిగా వచ్చింది. ఎడమది కొంచెం తక్కువే, అది ముప్పై ఏళ్ళ హెడ్‌ఫోన్ల పుణ్యం, ఇక రాదట. రాకపోతే మానె. ఆసుపత్రి బయటికి వచ్చేసరికి రోడ్డు మీద అంత రొద ఉందేమిట్రా! సైకిలు గొలుసులు, చెప్పులు, ఎవడో చిల్లర లెక్కపెట్టుకోవడం. నడిరోడ్డు మీద నిలబడిపోయాను. మీ అక్క చెయ్యి పట్టుకుని పక్కకి లాగింది. గుండెల మీద కుంపటి దిగిందంటారే, అచ్చం అలాగే ఉంది.

కంపెనీ ఆవిడ నుంచి మొన్న జవాబు వచ్చింది. పొట్టలు తియ్యొద్దట, వాటి కింద దోమని కలపమంది. మూడు సినిమాలు అన్నది రెండు చేసింది, ఒకటి వేరే స్టూడియోకి అప్పటికే మాట ఇచ్చిందట. రెండు చాలు. సంతకం అయింది. నిన్న నేనే కూర్చుని దోమని కలిపాను. మిక్సింగ్ వాడితో, "ఇక ముందు నేను ఏం తీసేసినా ఎందుకని అడుగు, పెద్దాయన గిద్దాయన అనుకోకు" అని చెప్పాను. వాడు ఆ రోజే మూడు తప్పులు పట్టాడు, వెధవ.

కొత్త ప్రింటు శుక్రవారానికి నీకు చేరుతుంది. మాస్టారికీ, మందుల షాపాయనకీ చప్పట్ల సంగతి ముందుగా చెప్పకు. వాళ్ళు ఏమన్నారో నాకు ఫోన్ చేసి చెప్పు.

మీ అక్క కలం లాక్కుంటోంది.

నీ బావ.


తమ్ముడూ,

నీ ఉత్తరాలు నేను చదవలేదు. అవసరం పడలేదు. మొదటి నెలలోనే తెలిసింది. అప్పట్నుంచీ వీధిలో నడిచేటప్పుడు ఆయన కుడి వైపుకి మారాను, మంచం మీద పక్కలు మార్చాను, ఎవరైనా ఇంటికొస్తే దీపం వాళ్ళ మొహం మీద పడేలా కుర్చీ వేశాను. ఆయనకి తెలిసినట్టు లేదు. మీ బావకి తనంతట తాను చెప్పుకుంటేనే మనసు నిలుస్తుంది, అందుకని ఎదురుచూశాను. మరీ ఎక్కువ చూశానేమో అని ఇప్పుడు అనిపిస్తోంది. ఆ చీటీ చేతిలో పెట్టడానికి ఎన్నిసార్లు బీరువా తీశానో, ఎన్నిసార్లు మళ్ళీ మూశానో. ఆయన నాతో మాట్లాడటం తగ్గించేస్తారేమో అని నాకూ భయమే.

ఈ ఎనిమిది నెలలూ ఆయన్ని తిట్టుకోవాలంటే గొంతు తగ్గించే పనే లేదు. మామూలుగా అనేసేదాన్ని, ఆయన పేపరు చదువుకుంటూ ఉండేవారు. నాకు అందులో సరదా ఏమీ లేదు, నమ్ము.

నిన్న సాయంత్రం వంటింట్లో గిన్నెలు సర్దుకుంటూ, నా చెవికే సరిగ్గా ఆననంత మెల్లగా, "ఇంత మొండి మనిషిని ఎక్కడా చూడలేదమ్మా" అనుకున్నాను. ముందు గదిలోంచి మీ బావ, "ఎవరే మొండి?" అన్నారు.

చేతిలో గిన్నె కింద పెట్టి, ఆ పీట మీదే కూర్చుని తనివితీరా ఏడ్చాను. అది కూడా వినపడిందట, లేచి వచ్చారు.

నీ అక్క.